ఊరికి పోయే దారి
(స్మారకోపన్యాసం)



మనసు బాగాలేకపోతే నాలుగు ఊళ్లు తిరిగి రమ్మంటారు. మంచి మాటే. మనకు సెలవు దొరికితే సింగూరుకో, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికో, శివరాత్రికి ఏడుపాయలకో పోయి వస్తాం, పాణం నిమ్మళమవుతుంది. పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల షెడ్లలో పనిచేసే బిహార్, ఒడిశా, ఝార్ఖండ్ మనుషులకు మాత్రం యాత్ర అంటే ఒకటే, ఊరికి పోవడం. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ యాత్ర గురించే.

2020 ఏప్రిల్ 29న ఇదే కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో కట్టుబడి పనికి వచ్చిన కార్మికులు రోడ్డెక్కారు. కరోనా లాక్‌డౌన్ వచ్చి అప్పటికి నెల దాటింది. పని లేదు, రైలు లేదు. వలస వచ్చినవాళ్లకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయం అవసరమే, కానీ ఇంటి మనాది దానితో తీరేది కాదు. వాళ్లడిగినవి బాకీ జీతం, ఇంటికి దారి. ఆ రోజు రాళ్లు పడ్డాయి, పోలీసులకు దెబ్బలు తగిలాయి. దాన్ని శాంతిభద్రతల గొడవగా మాత్రమే చూడటానికి నాకు మనసొప్పదు.

మే 1 తెల్లవారకముందే వాళ్లను బస్సుల్లో లింగంపల్లి స్టేషనుకు చేర్చారు. 4 గంటల 50 నిమిషాలకు 24 బోగీల రైలు ఝార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. 72 మంది పట్టే బోగీలో 54 మంది చొప్పున, దాదాపు 1200 మంది ఎక్కారు. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. మేడే నాడు, కంది మనుషులతో.

ఊళ్లో వాళ్ల కోసం పనేమీ ఎదురుచూడటం లేదు. పని కోసమేగా ఇంత దూరం వచ్చింది! అయినా పోవాలనుకున్నారు. ప్రయాణం మనసుకు చేసే మేలు కొండలూ కోనలూ చూడటంలో కన్నా, కావాలనుకున్నప్పుడు నావాళ్ల దగ్గరికి పోగలనన్న ధీమాలోనే ఎక్కువ ఉందని నేను నమ్ముతాను. ఆ ధీమా ఉన్నవాడు పోకుండానే ఇంకో ఆరు నెలలు నిబ్బరంగా పనిచేసుకుంటాడు. అది పోయినవాడికి కడుపు నిండినా నిద్ర పట్టదు.

ఈ ధీమాకు కొలతలున్నాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి 20 రోజులకొకటి చొప్పున జీతంతో సెలవు వచ్చేది. అంటే కనీసం 12 రోజులు. బిహార్‌లో మారుమూల ఊరికి పోయి రావడానికే అందులో నాలుగు రోజులు కరిగిపోయేవి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం చేసిన చట్టం మరో అడుగు ముందుకేసింది. కాంట్రాక్టరు రానుపోను ఛార్జీలే కాదు, దారిలో గడిచిన రోజులకు జీతం కూడా ఇవ్వాలంది. ప్రయాణాన్ని పనిలో భాగంగా లెక్కగట్టిన ఆ ఆలోచన నాకు ఎంతో గొప్పదిగా కనిపిస్తుంది.

కాబట్టి పటాన్‌చెరు పారిశ్రామికవాడ యాజమాన్యాలకు నా విన్నపం ఇది. బిహార్ వాళ్ల ఛఠ్ పండుగకు నెల ముందే ఎవరెవరు ఊరికి పోతారో అడిగి రాసుకోండి. బయల్దేరే ముందే బాకీ లేకుండా జీతం చెల్లించండి. దారి రోజులను సెలవులో కోయకండి. తిరిగి వచ్చేదాకా పని ఉంచుతామని వాళ్లు చదవగలిగే భాషలో కాగితం రాసివ్వండి.