కాల్చిన తూటా అడుగున ప్రైమరు చెప్పు సాక్ష్యము



తుపాకి శబ్దము శేరిలింగంపల్లి వారికి క్రొత్త కాదు. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణమున షూటింగు రేంజి కలదు. హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు కాంస్య పతకము గెలిచిన వార్త ఈ ప్రాంతపు బాలురకు సైతము కంఠస్థమే. అయితే ఎయిర్ రైఫిలులో మందు లేదు. బిగబట్టిన గాలియే పెల్లెటును తోయును. పాయింట్ 22 తూటాలో మందు ఉన్నను, నిప్పు పుట్టించు పదార్థము అడుగు అంచు మడతలోనే ఇమిడియుండును గనుక, ఒకసారి కాల్చిన గొట్టము మరల పనికిరాదు. నేటి ప్రసంగము ఈ రెంటిని గూర్చినది కాదు. పెద్ద రైఫిళ్ల ఇత్తడి గొట్టములను మరల నింపుకొనువారు, కాలిన ప్రైమరును చూచి లోపలి ఒత్తిడి హద్దు మీరినదా లేదా అని తీర్పు చెప్పుకొను పద్ధతిని గూర్చినది. ఆ తీర్పు తప్పినచో పోవునది పతకము కాదు, కన్నో చేయియో.

చట్టము మాట ముందే చెప్పవలెను. 1959 ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయుట నేరము. పుస్తకము చదివినంత మాత్రమున ఎవ్వరును ఇంటి వసారాలో ఆరంభింపదగిన పని కాదిది.

పూర్వపు ఫిరంగికి ప్రైమరు అను వస్తువే లేదు. 1786లో రేమండు హైదరాబాదున నెలకొల్పిన గన్ ఫౌండ్రీలో పోతపోసిన ఫిరంగులకు చిన్న రంధ్రమున మందు పోసి నిప్పంటించెడివారు. దెబ్బ తగిలిన తోడనే మండు పదార్థమును తుపాకికి ఉపయోగించిన మొదటివాడు స్కాట్లండు దేశపు మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్. 1807లో పేటెంటు పొందెను. ఆ పదార్థమును రాగి టోపీలో పెట్టుట పిమ్మట వచ్చినది. ఆ టోపీయే తూటా అడుగునకు దిగి ప్రైమరైనది. ఇందొక చమత్కారము కలదు. బాక్సరు ఇంగ్లండువాడు, బెర్డను అమెరికావాడు. ఇద్దరును 1860 తరువాతి సంవత్సరములలోనే తమ తమ ప్రైమరులను రూపొందించిరి. బాక్సరు పద్ధతి అమెరికాలో స్థిరపడినది. బెర్డను పద్ధతి ఐరోపాలో వ్యాపించినది. మరల నింపుకొనువారికి బాక్సరు పద్ధతియే అనుకూలము. దాని గొట్టమున నడుమ ఒకే రంధ్రముండుటచే సన్నని కడ్డీతో పాత ప్రైమరును తోసివేయవచ్చును. బెర్డను గొట్టమున దాగలి గొట్టములోనే భాగమై, చిన్న రంధ్రములు పక్కలనుండును గనుక ఆ పని కష్టము.

ఇక లోపల జరుగు పని. మీట నొక్కగానే ఫైరింగు పిన్ను ప్రైమరు నడుమ కొట్టును. టోపీకిని దాగలికిని నడుమ మందు నలిగి జ్వాల పుట్టును. అది రంధ్రముగుండా పోయి అసలు మందును అంటించును. అంతయు సెకనులో వెయ్యవ వంతునకు కాస్త అటునిటు. ఆ స్వల్పకాలమున పాయింట్ 303 రైఫిలులో ఒత్తిడి చదరపు అంగుళమునకు 49,000 పౌండ్ల వరకు పోవచ్చునని అమెరికా తయారీదారుల ప్రమాణము హద్దు పెట్టినది. కారు చక్రములోని గాలి ముప్పది పౌండ్ల పైచిలుకు మాత్రమే యని తలచినచో దీని తీవ్రత తెలియును. ఆ ఒత్తిడి నలువైపులకును తోయును. ముందు గుండు కదలును. పక్కలందు ఇత్తడి ఉబ్బి చాంబరు గోడల నంటుకొనును. వెనుకకు తోసినపుడు గొట్టపు అడుగును, అందలి ప్రైమరును బోల్టు ముఖమునకు ఒత్తుకొనును. ఒక విధముగా ప్రైమరు మెత్తని లక్కవంటిది. తనపై పడిన ముద్రను నిలుపుకొనును.

క్రొత్త ప్రైమరు అంచు గుండ్రముగ నుండును. ఒత్తిడి మితముగ నున్నచో కాలిన పిదప కూడ ఆ గుండ్రదనము కొంత మిగులును. ఒత్తిడి పెరిగిన కొలది అంచు అణగి, టోపీ లోహము తన గుంటను నిండార నింపి పలకవలె చదునగును. పిన్ను గుంట చుట్టు లోహము గట్టువలె లేచినచో దానిని క్రేటరు అందురు. ఇంకను మించినచో టోపీకి చిల్లు పడును. మండు వాయువు వెనుకకు చిమ్మి బోల్టు ముఖమును కొరికివేయును, కాల్చువాని కంటికి ముప్పు తెచ్చును. ప్రైమరు చుట్టు నల్లని మసి వలయము కనబడినను, తూటా తీయగానే ప్రైమరు ఊడి క్రిందపడినను గుంట వదులైనదని అర్థము. అట్టి గొట్టము మరల నింపదగదు.

ఇంతవరకు పుస్తకములన్నియు చెప్పును. ఇచ్చటనే చిక్కు కలదు. నాడి చూచిన వైద్యుడు ఒక్క నాడితోనే రోగము నిర్ణయింపడు. ప్రైమరు విషయము కూడ అంతియే. చదునైన ప్రైమరు ప్రతిసారి అధిక ఒత్తిడికి గుర్తు కాదు. చాంబరు కొలతకంటె గొట్టము పొట్టిదైనచో, లేక అంచుగల పాయింట్ 303 తూటా బోల్టుతో బిగువుగ కూర్చుండనిచో, పిన్ను దెబ్బకు గొట్టము ముందుకు జరుగును. జ్వాల పుట్టగానే ప్రైమరు వెనుకకు తోసికొని వచ్చును. అటుపై గొట్టము వెనుకకు వచ్చి ఆ ప్రైమరును బోల్టుపై అదిమివేయును. ఒత్తిడి సామాన్యమే, కాని ముద్ర భయంకరము. ఒత్తిడి మరీ తక్కువైనచో గొట్టము వెనుకకు రాదు, ప్రైమరు బయటికి పొడుచుకొనియే నిలుచును. నంబరు 4 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలునకు 0 మొదలు 3 వరకు అంకెలు వేసిన బోల్టు తలలు కలవు. ఈ ఎడము సరిచేయుటకే ఆ ఏర్పాటు. తల మార్చిన పిదప ప్రైమరు రూపమే మారును. క్రేటరు సంగతియు ఇంతే. పిన్ను రంధ్రము అరిగి పెద్దదైనను, స్ప్రింగు బలహీనమైనను గట్టు లేచును. పైగా ఒక కంపెనీ టోపీ మందము, మరొక కంపెనీది పలుచన. ఒకే ఒత్తిడికి రెండు వేరు వేరు ముఖములు.

దీనికి విపరీతమగు మోసము ఇంకను ప్రమాదకరము. గుండ్రముగ, అందముగ నున్న ప్రైమరు క్షేమమునకు హామీ కాదు. కొన్ని పాత రైఫిళ్లు నల్లమందు కాలమునకు చెందినవి. 28,000 పౌండ్లకే వాటి హద్దు ముగియును. ఆ హద్దు దాటినను ప్రైమరు పెదవి విప్పదు; ఉక్కు మాత్రము లోలోపల అలసిపోవును. అది తాళలేని నాడు ముందుగా చెప్పువాడుండడు. కర్మాగారములలో ఒత్తిడిని కండ్లతో కొలువరు. పూర్వము చిన్న రాగి స్తంభమును ఒత్తిడిచే నలిపి, అది ఎంత పొట్టియైనదో చూచెడివారు. నేడు విద్యుత్సంకేతమిచ్చు పరికరములున్నవి. ప్రైమరు ఆ పరికరములకు బదులు కాజాలదు.

తెలుగు దేశమునకు ప్రత్యేకమైనది ఎండ. మందు వేడెక్కిన కొలది త్వరగా మండును, ఒత్తిడి పెరుగును. నీలగిరులలోని అరువంకాడు కార్డైటు కర్మాగారము 1904 నాటిది. ఆ కాలపు కార్డైటు మందునకు ఈ గుణము మెండు. ఉష్ణదేశములందు కాల్చిన గొట్టము చాంబరున ఇరుక్కొని, ఎదుట మృగముండగా రెండవ తూటా పెట్టలేక వేటకాండ్రు చిక్కుపడెడివారు. అందుచేతనే లండనులోని రిగ్బీ కంపెనీ 1911లో పాయింట్ 416 తూటాకు పెద్ద గొట్టమిచ్చి ఒత్తిడి తగ్గించినది. నేటి మందులు కొన్ని ఎండను బాగుగ తాళుకొనును, అన్నియు కాదు. పౌష్యమాసపు చలిలో సరియని తేల్చిన కొలత వైశాఖమున నలుబది డిగ్రీలు దాటిన మధ్యాహ్నము, అందును కారు సీటుపై పడియున్న తూటాలో, సరి కాకపోవచ్చును. వరుసగ కాల్చి కాల్చి వేడెక్కిన చాంబరులో తూటాను నిలిపియుంచినను ఇంతే.

కనుక అనుభవజ్ఞులు అచ్చయిన పట్టికలోని తక్కువ కొలతతో ఆరంభించి కొంచెము కొంచెముగ పెంచుదురు. పట్టికలోని గరిష్ఠమును ఎన్నడును దాటరు. ప్రైమరు, గొట్టము, గుండు, వీటిలో ఏది మార్చినను మరల క్రిందినుండియే మొదలుపెట్టుదురు. ప్రైమరుతోపాటు బోల్టు ఎత్తుటలో బిగువు, గొట్టపు అడుగున ఎజెక్టరు వేసిన మెరుగు ముద్ర, మైక్రోమీటరుతో కొలిచిన అడుగు వెడల్పు, వేగము చూపు యంత్రము చెప్పిన అంకె, ఇవన్నియు కలిపి చూతురు. బోల్టు బిగిసినచో, ప్రైమరు ఎంత సొగసుగ నున్నను ఆనాటికి కాల్పు ఆపివేయుదురు. అదే కొలతతో నింపిన మిగిలిన తూటాల గుండ్లను పీకి మందు వేరుచేయుదురు. అదే రైఫిలులో కర్మాగారపు తూటాలు ఐదారు కాల్చి, ఆ గొట్టములను తేదీయు ఆనాటి ఉష్ణోగ్రతయు వ్రాసిన చిన్న డబ్బాలో భద్రపరచుకొందురు. క్రొత్త గొట్టమును పోల్చి చూచుటకు అవియే ఒరిపిడి రాయి.