తీపి లేని చక్కెర



విజయవాడ వన్ టౌనులో, కాళేశ్వరరావు మార్కెట్టు చెంత అంగడి నడుపుకొను ఒక గృహస్థుని ఊహింపుడు. తనకు మధుమేహమున్నదని తెలిసిన దినము మొదలు ఆయన కాఫీలో పంచదార మానెను; మిఠాయి ముట్టడు; మామిడిపండ్ల కాలమునను నోరు కట్టుకొనెను. ఉదయము ఇడ్డెనలు, మధ్యాహ్నము అన్నము, రాత్రి రాగిజావ: ఇంతియే ఆయన ఆహారము. అయినను పరీక్ష చేయించినప్పుడెల్ల రక్తములో చక్కెర హెచ్చుగనే యున్నది. "మీరు మాకు తెలియకుండ ఎక్కడనో తీపి తినుచున్నారు" అని ఇల్లాలు నిష్ఠురమాడును. ఆయన తినలేదు. మరి తప్పెవరిది?

నాలుకకు తెలియు తీపి వేరు. రక్తములో చేరు చక్కెర వేరు. బియ్యము, గోధుమ, రాగి మొదలగు ధాన్యములందలి పిండిపదార్థము కడుపులో జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారును. ఏ ఆహారము ఎంత వేగముగా రక్తములో చక్కెరను పెంచునో కొలుచు పద్ధతిని 1981లో కెనడా దేశమున టొరంటో నగరములో డాక్టరు జెంకిన్సు, ఆయన సహచరులు ప్రకటించిరి. గ్లూకోజును 100గా నెంచినచో పంచదార సుమారు 65. తెల్లని అన్నము సుమారు 73! కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప వరిపంటకు నిలయమైన ఈ డెల్టాలో ఈ మాట విని మనము ఉలికిపడుట సహజమే.

ఇడ్డెన మెత్తనిది, అందుచేతనే త్వరగా జీర్ణమగును. రాగులు మంచివే, కాని మెత్తగా విసరి, పలుచని జావగా కాచి త్రాగినప్పుడు చక్కెర వేగముగా పెరుగును. బెల్లమును, తేనెయును పంచదారకు బంధువులే. ఇక పుచ్చకాయ సంఖ్య 76. అయినను అందులో అధికభాగము నీరే గనుక, నూరు గ్రాముల ముక్కలో పిండిపదార్థము ఎనిమిది గ్రాములకు మించదు. అంతే తూకపు అన్నములో సుమారు 28 గ్రాములుండును. కావున వేగమొక్కటియే గాక పరిమాణమును చూడవలెను.

నూనె, నెయ్యి హెచ్చుగా నున్న పులిహోర, బిరియాని వంటివి మరియొక విధముగా మోసము చేయును. క్రొవ్వు జీర్ణమును ఆలస్యము చేయుటచే, రెండు గంటల పరీక్షలో చక్కెర తక్కువగా కనబడి, అటుపిమ్మట పెరుగవచ్చును.

అందరి శరీరములును ఒక్కటి కావు. 2015లో ఇశ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థవారు 800 మందిని పరిశీలింపగా, ఒకే ఆహారము ఒకరికి చక్కెరను మిక్కిలి పెంచి, మరియొకరికి స్వల్పముగనే పెంచినట్లు తేలినది. కావున పొరుగువారి పథ్యము మనకు పథ్యము కానక్కరలేదు. భోజనమునకు ముందును, మొదలుపెట్టిన రెండు గంటలకును పరీక్షించి, తినినదానితోపాటు వ్రాసికొన్నచో మన శరీరమే మనకు గురువగును. తినిన పిదప సాధారణముగా 180 దాటకుండుట మేలు.

అన్నమును విడిచిపెట్టనక్కరలేదు. ముందు కూరయు పప్పును తిని, పిమ్మట కొలతగా అన్నము తినుడు. ఇడ్డెనలకు బదులు అప్పుడప్పుడు పెసరట్టు వేసికొనుడు. భోజనానంతరము పది పదునైదు నిమిషములు నడువుడు.

ఇక ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగుగా తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఏకాదశికో, దసరాకో ఉపవాసము చేయరాదు. చక్కెర 70కి తగ్గినచో చెమట, వణుకు, తత్తరపాటు కలుగును. అప్పుడు మూడు నాలుగు చెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. లడ్డు పనికిరాదు, అందలి నెయ్యి ఆలస్యము చేయును. పదునైదు నిమిషముల పిదప మరల పరీక్షింపవలెను. తెలివి తప్పినచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. శత్రువనుకొన్న పంచదారయే అప్పుడు ప్రాణదాత.

ఆ గృహస్థుని ఇంటికి మరల వత్తము. ఆయన అబద్ధమాడలేదు, ఆమె చూచిన అంకెయు అబద్ధము కాదు. అనుమానము విడిచి, ఇరువురును కూర్చుండి ఆ వ్రాతపుస్తకమును చూచినచో జావగిన్నె దోషము బయటపడును. రోగికి మందెంత అవసరమో, ఇంటివారి నమ్మకమును అంతే అవసరము.