మంచు పడకముందు పచ్చి టమాటాలు



నర్సీపట్నము నుండి చింతపల్లి మార్గమున ఘాటీ నెక్కినవారికి లంబసింగి చలి క్రొత్త కాదు. 2022 నుండి ఈ రెండూళ్ళును వేఱువేఱు జిల్లాలలో చేరినను కొండకును మైదానమునకును దారి ఒక్కటే. సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు కలదు. ఆరుబయట నిలిచిన మనుష్యుడు చలికి కొయ్యవలె బిగుసుకొనునని దాని కర్థము చెప్పుదురు. కొన్ని శీతకాలములలో అచట ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దాపునకు దిగును. చూడవచ్చినవారికి ఆ మంచు వేడుక. టమాటా వేసిన రైతునకు అది మూడు నాలుగు మాసముల కష్టమును ఒక్క రాత్రిలో హరింపగల శత్రువు.

పొగమంచు వేఱు, ఆకుపై గడ్డకట్టు మంచు వేఱు. మబ్బును గాలియును లేని రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచివేయును. చల్లబడిన గాలి బరువెక్కి పల్లపు మడులలో నిలుచును. ఆకులలోని నీరు గడ్డకట్టి కణములు చిట్లును. తెల్లవారి ఎండ తగులగనే మొక్క నల్లబడి వ్రాలును. మంచుపట్టిన కాయ పండదు, మెత్తబడి క్రుళ్ళును. కావున ఆకాశము నిర్మలమై గాలి స్తంభించిన సాయంకాలముననే ముదురుకాయలను కోసికొనవలెను. లేతకాయలున్న మొక్కలపై గడ్డిగాని గోనెలుగాని కప్పి, ఉదయమున తీసివేయవలెను.

ముదురుకాయను గుర్తించు టెట్లు? ఒక కాయను కత్తితో అడ్డముగా కోసి చూడవలెను. గింజలచుట్టు జిగురు ఏర్పడి, గింజలు తెగక ప్రక్కకు జారినచో ఆపాటి కాయలు మాగును. గింజలు తెగినచో అవి లేతవి. వానిని పచ్చడికిని పప్పునకును వాడుకొనుట మేలు.

ముదురుకాయలను పొడిబట్టతో తుడిచి, తొడిమలు తీసి, దెబ్బతిన్నవానిని ఏఱివేసి, వరిగడ్డి పఱచిన తట్టలో ఒకే వరుసగా పేర్చవలెను. ఎండ అక్కఱలేదు. 20 డిగ్రీల వెచ్చదనమున సుమారు రెండు వారములలో పండును. 13 డిగ్రీలలో మూడు నాలుగు వారములు పట్టును. అంతకు మించిన చలిలో పలుదినము లుంచిన రుచి చెడును. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎఱుపు సరిగా రాక పసుపుగా నుండిపోవును. రెండుదినముల కొకమారు చూచి క్రుళ్ళినదానిని తీసివేయవలెను.

తట్టలో పండిన అరటిపండు నొకటి యుంచిన కాయలు త్వరగా మాగును. పండు ఇథిలీను అను వాయువును విడుచుట యందులకు కారణము. 1934లో ఇంగ్లండున రిచర్డ్ గేన్ అను శాస్త్రజ్ఞుడు ఆపిలుపండ్లయందు దీనిని నిరూపించెను. పొగలోను ఈ వాయువు కలదు. అరటిగెలలకు పొగబెట్టిన పల్లెపెద్దలకు దాని పేరు తెలియకున్నను పని తెలియును. కాల్షియం కార్బైడును మాత్రము దరి చేరనీయరాదు. అందు ఆర్సెనిక్, భాస్వరముల జాడ లుండును. దానితో పండ్లను మాగించుట చట్టరీత్యా నిషిద్ధము.

మంచుకు జడిసి పచ్చికాయ నంతయు ఒక్కనాడే తెగనమ్ముకొను రైతు వచ్చిన ధరకు తలయొగ్గవలెను. మాగవేసినవాడు రెండుమూడు సంతలకు పంచి అమ్ముకొనగలడు. గ్రంథాలయమునకు వచ్చు పాఠకులు ఈ నాలుగు మాటలను చదువనేరని పొరుగువానికిని, కొండమీది చుట్టమునకును చేరవేసిననాడే చదువు సార్థకమగును.