క్యాప్ మార్చినా చెక్ ఇంజిన్ లైట్ పోవట్లేదా? లీకు ఇలా పట్టుకోండి

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "అన్నా, బండి బాగానే నడుస్తోంది, కానీ చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. స్కానర్ పెడితే పి0442 అని వచ్చింది. ఏం చెయ్యాలి?"

డాలస్‌లో నాకూ ఇదే జరిగింది. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. ఇక్కడ ఎమిషన్స్ టెస్ట్ పాసవ్వాలి, ఆ లైట్ వెలుగుతుంటే ఫెయిలే. ఫ్యూయల్ క్యాప్ మార్చాను, పోలేదు. ఒక షాపులో బండి కిందకి తొంగి కూడా చూడకుండా, క్యానిస్టర్ మార్చాలి, 800 డాలర్లు అన్నారు. అప్పుడు నా దగ్గర అంత డబ్బు లేదు. అందుకే అసలు సంగతేంటో నేర్చుకున్నాను.

ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాల్లో కలవకుండా బొగ్గు నింపిన డబ్బా పట్టి ఉంచుతుంది. అదే క్యానిస్టర్. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని, ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. బయటి గాలి లోపలికొచ్చే దారిలో వెంట్ వాల్వ్ ఉంటుంది. కంప్యూటర్ అప్పుడప్పుడు ఈ దారులన్నీ మూసి, లోపల ప్రెషర్ నిలుస్తోందా అని చూస్తుంది. నిలవకపోతే లైట్ వేస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కోడ్ లీకు సైజు చెబుతుంది, చోటు చెప్పదు. పి0455 అంటే పెద్ద లీకు. పి0442 అంటే దాదాపు 1 మిల్లీమీటరు రంధ్రం. పి0456 అయితే అందులో సగం!

కాబట్టి వరసగా వెళ్లండి. ముందు క్యాప్ రబ్బరు పగిలిందా, క్యాప్ కూర్చునే అంచు తుప్పు పట్టిందా చూడండి. తర్వాత పర్జ్ వాల్వ్. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, క్యానిస్టర్ వైపు గొట్టం తీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. కంప్యూటర్ ఇంకా దాన్ని తెరవకముందే లాగుతోందంటే వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు. పెట్రోలు కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంటే, అనుమానం ముందు దీని మీదే.

అక్కడా దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేయించండి. వెంట్ వాల్వ్ మూసి, చాలా తక్కువ ప్రెషర్‌తో లోపలికి పొగ పంపుతారు. పొగ ఎక్కడ బయటికొస్తే లీకు అక్కడే. ఇంట్లో కంప్రెసర్ గాలి మాత్రం అస్సలు కొట్టొద్దు. ట్యాంకు పాడవుతుంది, పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది.

నా బండిలో పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? క్యానిస్టర్ పక్కన పగిలిన చిన్న రబ్బరు గొట్టం నుంచి. క్యానిస్టర్ శుభ్రంగా ఉంది. గొట్టం 12 డాలర్లు, స్మోక్ టెస్ట్ ఖర్చు వేరే. అంతే.

చివరిగా రెండు మాటలు. కోడ్ చెరిపేసి మర్నాడే టెస్టుకి పరిగెత్తొద్దు. చెరిపితే కంప్యూటర్ చెకింగులన్నీ మొదటికొస్తాయి, అవి పూర్తవ్వాలంటే కొన్ని రోజులు మామూలుగా నడపాలి. ఈ లీకు చెకింగ్ ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా జరగదు, సగం ఉంచండి. రెండోది, పంపు టక్కున ఆగాక ఇంకొంచెం అంటూ కొట్టించొద్దు. ఆ పెట్రోలు క్యానిస్టర్‌లోకి పోతే, అప్పుడు నిజంగానే 800 పెట్టాల్సొస్తుంది.

మీ బండికి ఏ కోడ్ వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.