మీలోని అమానతును గుర్తించండి

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! ప్రతి మనిషీ రేపటి కోసం తాను ఏమి పంపుకున్నాడో చూసుకోవాలని సూరె హష్ర్ 18వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఈ ఆత్మపరిశీలననే మన పెద్దలు ముహాసబా అన్నారు. మనం దానిని పాపాల లెక్కకే పరిమితం చేశాము. అల్లాహ్ ప్రసాదించిన సామర్థ్యాలను లెక్కించుకోవడమూ ముహాసబాయే. వాటిని గురించి కూడా మనం ప్రశ్నించబడతాము.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గారిని చూడండి. పిన్నవయస్కుడైనందున బద్ర్ యుద్ధంలో పాల్గొనే అవకాశం ఆయనకు లభించలేదు. ఆయన నిరాశతో కూర్చోలేదు. తనలోని జ్ఞాపకశక్తిని, అక్షరప్రేమను ధర్మసేవకు అర్పించారు. ప్రవక్త (స) వారి ఆదేశంపై యూదుల లిపిని కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు, వహీ లేఖకులయ్యారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో దివ్య ఖుర్ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసే మహత్కార్యం ఆయనకే అప్పగించబడింది. కత్తి పట్టే వయస్సు రాలేదని వెనక్కి పంపబడిన బాలుని కలానికి నేటి ముస్లిం లోకమంతా ఋణపడి ఉన్నది. మన రాయలసీమలోనే, కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారు తమ అరబీ, తెలుగు పాండిత్యాన్ని ఖుర్ఆన్ అనువాదానికి వినియోగించారు.

తల్లిదండ్రులారా! మన కలికిరిలో సైనిక్ పాఠశాల ఉన్నది, ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. ఇవి అల్లాహ్ అనుగ్రహాలే. అయితే పొరుగింటి అబ్బాయి చేరాడన్న ఒకే కారణంతో అప్పుచేసి మన బిడ్డను అదే దారిలో నెట్టడం న్యాయమా? మోటారు విప్పి బిగించడంలో ఆకలిని మరిచే బాలుడు, వీధి పిల్లలకు ఓపికగా చదువు చెప్పే బాలిక మన కళ్ళ ముందే ఉన్నారు. ప్రతి ఒక్కరూ తమ స్వభావాన్ని బట్టే పనిచేస్తారని సూరె బనీ ఇస్రాయీల్ 84వ ఆయత్ తెలుపుతున్నది. సంతానం మన ఆస్తి కాదు, అమానతు.

యువకులారా! మనస్సు కోరిందల్లా అభిరుచి కాదు. సెల్‌ఫోన్‌పై గడిచే రాత్రులు నఫ్స్ కోరికలే. ఇషా నమాజు తర్వాత ఏకాంతంలో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరూ మెచ్చుకోకపోయినా నేను విసుగు లేకుండా చేయగల పని ఏది? దాని వల్ల ఇతరులకు మేలు కలుగుతుందా? అది హలాలేనా? కొన్నాళ్ళు ఇలా పరిశీలించుకుని, పెద్దలతో మష్వరా చేయండి, ఇస్తిఖారా నమాజు చేయండి. ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేసి శ్రమించండి.

అల్లాహ్ మనలోని మేలును మనకు చూపించి, దానిని తన మార్గంలో వినియోగించే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.