విశాఖ నుండి భీమిలి వఱకు

నేను విశాఖపట్టణమున కాపురముండువాడను. గడచిన మాఘమాసములో ఒక ఆదివారమున తెల్లవాఱకముందే మెలకువ వచ్చినది. ఇంటివారందఱును పెండ్లికి పొరుగూరు పోయియుండిరి. ఆ దినమునకు చేయవలసిన పని యేదియు లేకుండెను. చిన్న కారు బయటకు తీసి, ఎచ్చటికని నిశ్చయింపకయే ఒంటరిగా బయలుదేరితిని. దారిలో ఇడ్డెనలు కట్టించుకొంటిని. ఇంటినుండి తెచ్చిన నీటి సీసా యుండనే యున్నది. సాయంకాలము ఇల్లు చేరువఱకు నేను చూచిన వానిలో నా మనస్సును విడువక పట్టినది ఇసుక. దానిని గూర్చి మీతో కొంత మనవి చేయుదును.

మొదట దక్షిణముగా రేవువైపు పోయితిని. అచ్చట సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చిన యొక పెద్ద కొండ కలదు. దొరలు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరిడిరి. ఆ కొండ చాటున, పూర్వము ఉప్పుటేరును బురదనేలయు ఉన్న చోట, త్రవ్వి రేవును నిర్మించిరి. 1933లో అది ఓడల రాకపోకలకు తెఱువబడినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు ఈ రేవుమీదనే బాంబులు వేసిరి. ఆ వార్త విని పల్లెలకు తరలిపోయిన కుటుంబముల కథలు మీలో కొందఱు పెద్దలనుండి వినియే యుందురు.

ఈ రేవునకు మొదటినుండియు శత్రువు ఇసుకయే. మన తూర్పు తీరమున ఇసుక ఒకచోట నిలిచియుండదు. నైఋతి ఋతుపవనముల కాలమున కెరటములు ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుచు ఇసుకను ఉత్తరమునకు నెట్టును. ఈశాన్యపు గాలి వీచు నెలలలో కొంత ఇసుక వెనుకకు మఱలును. రెంటిని లెక్కించి చూచినచో ఏటేట మిగులు నడక ఉత్తరమునకే. ఇట్టి నడక నడుమ రేవు ముఖద్వారము వచ్చినప్పుడు ఇసుక దానిలో పడి పూడ్చును. అందుకని తొలి దినములలో రెండు పాత ఓడలను ముంచి వానినే అడ్డుగోడగా చేసిరి. తరువాత 1970 తరువాతి సంవత్సరములలో బయటి రేవును, పొడవైన రాతి కట్టలను నిర్మించిరి.

మీరు సేద్యము తెలిసినవారు. కాలువకు అడ్డుకట్ట వేసినచో దిగువ పొలము ఎండునని మీకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. ఈ కట్టలకు దిగువ పొలము విశాఖ నగరపు సముద్రతీరము. దక్షిణమునుండి రావలసిన ఇసుక కట్టల కడ ఆగిపోవును. ఉన్న ఇసుకను కెరటములు మాత్రము ఎప్పటివలెనే ఉత్తరమునకు తీసికొనిపోవును. ఆ లోటు తీర్చుటకై డ్రెడ్జరు అను త్రవ్వకపు ఓడతో ఆగిన ఇసుకను తోడి నగరపు ఒడ్డున పోయించుచుందురు. రేవు లేనిదే ఈ నగరము లేదు. కావున నేను రేవును నిందింపను. కాని ఒకరి పొలమునకు తగ్గిన నీటిని కడవలతో తెచ్చి పోసినట్లుండును ఈ యేర్పాటు. పోయుట ఒక్క యేడు మందగించినను తీరము కోసికొనిపోవును.

తీరపు రోడ్డున పడి ఉత్తరముగా సాగితిని. ఒడ్డునకు చేర్చి ప్రదర్శనశాలగా ఉంచిన కుర్సురా జలాంతర్గామిని దాటితిని. అది 1969 నుండి 2001 వఱకు నౌకాదళమున పనిచేసినది. నాకు పిల్లలు వెంట లేరు గనుక అచ్చట ఆగలేదు. పెద్ద జాలరిపేట కడ మాత్రము కారు ఆపితిని. ఒక వృద్ధ జాలరి గోడ నీడన కూర్చుండి వల బాగుచేసికొనుచుండెను. ఒడ్డు ఇంత ఇఱుకుగా నున్నదేమని ప్రశ్నించితిని.

“మా అయ్య తెప్ప నిలిపిన సోటు అదిగో బాబూ, ఆ రెండో కెరటం ఇరిగే కాడ,” అని అతడు వ్రేలు చూపెను.

“మఱి ఇప్పుడు పడవలెక్కడ పెడుతున్నారు తాతా?”

“రోడ్డు మీద పెట్టమంటారేటి? ఈ గోడకే ఆనిస్తన్నాం. తుపానొస్తే ఇంకా ఎనక్కి లాగాల. ఎనక్కి లాగితే ఇళ్లే ఉన్నాయి.”

అలివి వల లాగుటకు విశాలమైన ఇసుక ఒడ్డు కావలెను. రెండు జట్లు దూరదూరముగా నిలిచి త్రాళ్లు పట్టుకొని క్రమముగా దగ్గఱకు వచ్చుచు వలను ఒడ్డునకు ఈడ్తురు. ఒడ్డు తఱిగినచోట ఆ వల యింటిలోనే మూలబడును. పట్టణవాసికి ఇసుక సాయంకాలపు షికారునకు పనికివచ్చు వస్తువు. జాలరికి అది కళ్లము వంటిది. కళ్లము లేని రైతు కుప్ప నెచ్చట వేయును?

కైలాసగిరి, ఋషికొండ దాటిన పిదప కుడిప్రక్క సముద్రము, ఎడమప్రక్క కొండలు. నగరమునుండి సుమారు 15 కిలోమీటర్ల దూరమున తొట్లకొండ యున్నది. 1976లో నౌకాదళమువారు ఆ ప్రాంతమును సర్వే చేయునపుడు అచ్చటి శిథిలములు బయటపడినవి. 1988 మొదలు కొన్ని యేండ్లు త్రవ్వకములు జరిగి బౌద్ధ విహారము, స్తూపములు, శాతవాహనుల నాణెములు, రోము దేశపు వెండి నాణెములు లభించినవి. కొండ రాతిలో తొలిచిన తొట్లలో భిక్షువులు వాననీరు నిలువచేసికొనిరి. కొండకు ఆ పేరు వానినుండియే వచ్చినది. పైన నిలిచి నా ఇడ్డెనలు తినుచు ఆ తొట్లను చూచినప్పుడు, సముద్రము ఎదుటనే యున్నను దాహమునకు వానచినుకునే నమ్ముకొన్న ఆ భిక్షువుల ముందుచూపు నాకు నచ్చినది.

మధ్యాహ్నమునకు భీమిలికి కొంచెము ఇవతలనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలకు చేరితిని. చలనచిత్రములలో వీనిని మీరు చూచియే యుందురు. తీరము వెంబడి సుమారు 5 కిలోమీటర్ల పొడవున ఎఱ్ఱని ఇసుక మేటలు, వాని నడుమ వాననీరు కోసిన లోతైన గండ్లు. జీడిమామిడి తోపులు, తాటిచెట్లు, మొగలిపొదలు అంచులనున్నవి. గండిలోనికి దిగి నడచినచో ఇరుప్రక్కల నిట్టనిలువు గోడలు; గోడను వ్రేలితో గీసిన మెత్తగా పొడి రాలును. మాట పెగలనంత నిశ్శబ్దము. సముద్రము అంత దగ్గఱనుండియు దాని ఘోష వినబడలేదు.

ఇవి ఎట్లు పుట్టినవో భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పినది మనవి చేసెదను. సుమారు 20,000 ఏండ్ల క్రిందట ప్రపంచమున మంచు మిక్కుటముగా పేరుకొని, సముద్రమట్టము ఇప్పటికంటె 120 మీటర్ల వఱకు తగ్గియుండెను. ఆనాడు ఈ ఒడ్డు తూర్పుగా చాల దూరమున నుండెను. సముద్రము వెనుకకు పోగా బయటపడిన ఇసుకను అట్టి కాలములందు గాలి యెత్తి తెచ్చి కొండల పాదమున పోసినది. మన తూర్పు కనుమలలోని రాతికి, ఖోండు జాతివారి పేరుమీద, ఖోండలైటని పేరు. ఆ రాతినుండి వచ్చిన ఇసుకలో ఇనుము గల ఖనిజములు విశేషముగా నున్నవి. అవి వేలయేండ్లు వానకు నాని, ఎండకు ఎండి, త్రుప్పుపట్టి ప్రతి రేణువునకు ఎఱ్ఱని పూత పూసినవి. ఇట్టి మేటలు తమిళదేశపు దక్షిణ తీరమునను, సింహళమునను మాత్రమే చెప్పుకోదగినంతగా నున్నవట.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. 2025 సెప్టెంబరులో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక పట్టికలోను ఇది చేరినది. ఆ గౌరవమున కానందించితిని. కాని కాగితముమీది గౌరవము గండి గోడను నిలుపదు. 2024లో దిబ్బల ప్రక్క నేలను యంత్రములతో చదును చేసిరని ఊరంతయు అలజడి పుట్టినది. నేను పోయిన దినమునను గోడలమీద కత్తితో చెక్కిన పేర్లను చూచితిని. ఒక జంట పేరు చెక్కిన మేర, వానకు విడిపోయి, అడుగున కుప్పగా పడియుండెను. చెఱువు తెగినచో గట్టు వేయగలము. అడవి నఱకినచో మొక్క నాటగలము. ఈ దిబ్బ కరగినచో మరల పోయుటకు ఆనాటి సముద్రము, ఆనాటి గాలి కావలెను. అంత కాలము మనకు లేదు. ఇండ్ల స్థలములకు ఈ జిల్లాలో వేఱే నేల లేకపోలేదు. ఈ యొక్క చోటును విడిచిపెట్టుమని అడుగుట అత్యాశ కాదని నా యభిప్రాయము.

అచ్చటినుండి భీమునిపట్టణము దగ్గఱనే. బకాసురుని చంపిన భీముని పేర ఊరు వెలసినదని స్థలపురాణము. 17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకము పెట్టిరి. వారి సమాధులు ఇంకను నిలిచియున్నవి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే ఇది పురపాలక సంఘమైనది. ఇప్పుడు విశాఖ మహానగరములో కలిసిపోయినది. ఒకనాడు ఓడలు దూరమున లంగరు వేయగా పడవలలో సరకు చేరవేసిన రేవు ఇది. నేడు దీపస్తంభము, జాలరుల పడవలు, ఆదివారపు జనము మాత్రమే. అన్నట్లు, ఇచ్చటి ఒడ్డున కొన్న వేయించిన చేప రుచిని నగరపు హోటళ్లలో నేనెఱుగను.

ఊరి ప్రక్కనే గోస్తనీనది సముద్రమున కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహల గుండ ప్రవహించి వచ్చు నది యిది. నేను చూచిన దినమున నోటికి అడ్డముగా ఇసుకమేట వేసియుండెను. సన్నని పాయ మాత్రము ప్రక్కగా జాఱుచుండెను. ఎగువ తాటిపూడి కడ ఆనకట్ట కలదు. విశాఖకు త్రాగునీరు కొంత అచ్చటినుండి వచ్చును. ఆనకట్ట నీటితోపాటు ఇసుకనుగూడ ఆపును. అట్లు తీరమునకు కొండ ఇచ్చు భత్యము తగ్గును.

పొద్దు వాలుచుండగా తీరము విడిచి తగరపువలస మీదుగా పెద్దరోడ్డు పట్టితిని. ఆనందపురము దాటిన పిదప నా ముందు ఒక లారీ నడుచుచుండెను. పైన కప్పిన గుడ్డ ఒక మూల లేచి కొట్టుకొనుచుండెను. ఆ సందునుండి సన్నని ఇసుక ధారగా రాలుచు నా కారు అద్దముమీద పడుచుండెను. మధురవాడలో క్రొత్తగా లేచుచున్న ఒక మేడ యెదుట అది ప్రక్కకు మళ్లినది.