బడికి లాన్ వద్దు


నేనుండే లాస్ వేగాస్‌లో ఇంట్లో వాడిన నీరు దాదాపు అంతా శుద్ధి అయి తిరిగి లేక్ మీడ్ జలాశయానికి చేరుతుంది. లాన్‌కు పెట్టింది మాత్రం ఆవిరైపోతుంది. అందుకే అక్కడ చలికాలంలో వారానికి ఒక్కరోజే లాన్ తడపనిస్తారు. వేసవిలోనూ ఆదివారం తడపకూడదు.

స్వర్ణోత్సవ కానుకగా బడి ముందు లాన్ వేయిద్దామని మొదట అన్నది నేనే. తర్వాత లెక్క వేశాను. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెట్టినా, 200 చదరపు మీటర్ల లాన్‌కు 1000 లీటర్లు కావాలి. వంతులేసుకుని బోరింగు కొట్టుకుని తాగినవాళ్లం మనం!

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ డబ్బుతో డాబా మీది వాననీటికి ఇంకుడు గుంత తవ్విద్దాం. నీడకు నాలుగు వేపమొక్కలు నాటుదాం.